పాటునీటితో వదిలేసిన జబ్బు

2019 జనవరిలో ఒక రాత్రి, పది గంటల మేత వేసి గంటన్నర గడిచాక, మా రెండో రొయ్యల చెరువులో, మేత తింటున్నాయో లేదో తెలుసుకోవడానికి దించే చెక్ ట్రేను పైకి లాగి చూశాను. ముందురోజు వరకు గంటలోపే ఖాళీ అవుతూ వచ్చిన ట్రేలో మేత వేసింది వేసినట్టే నాని ఉబ్బి ఉంది. దాని పక్కన రెండు రొయ్యలు ఒరిగి పడి ఉన్నాయి. గట్టు వెంట టార్చి వేశాను. మామూలు రోజుల్లో వెలుతురు పడగానే రొయ్య కళ్లు నిప్పురవ్వల్లా మెరుస్తాయి, మరుక్షణం అది లోతుకు దూకుతుంది. ఆ రాత్రి గట్టు వారగా, నీటి పైపైనే పది పన్నెండు రొయ్యలు దారి తప్పినట్టు మెల్లగా తిరుగుతున్నాయి. చెయ్యి పెట్టి తీసినా బెదరలేదు.

అందులో ఒకదాని తలపెంకును బొటనవేలి గోటితో ఎత్తి ఊడదీశాను. లోపలి కండను నీటిలో జాడించి, ఆ పెంకును టార్చి అద్దానికి అడ్డంగా పెట్టి చూశాను. గాజుకాగితం లాంటి ఆ పెంకు నిండా తెల్లని గుండ్రని చుక్కలు, సున్నపునీళ్లు చిలకరించినట్టు, కొన్ని సూదిమొనంత, కొన్ని ఆవగింజంత ఉన్నాయి. గోటితో గీకినా పోలేదు, ఎందుకంటే అవి పైన అంటుకున్నవి కావు, పెంకులోనే పేరుకున్న కాల్షియం. పెంకు మీద చుక్క కనబడినంత మాత్రాన అది తెల్లమచ్చ అనే వైరస్ తెగులేనని తీర్మానించకూడదు, కొన్ని బాక్టీరియాల వల్ల కూడా అలాంటి మచ్చలు వస్తాయి, వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్షలోనే నిజం తేలుతుంది. అయితే మేత మానడం, గట్టు పట్టడం, మచ్చ, ఈ మూడూ ఒకే రాత్రి కలిసి వచ్చినప్పుడు పరీక్ష ఫలితం కోసం ఎదురుచూసే ధైర్యం ఎవరికీ ఉండదు.

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో, నౌపడ ఉప్పుమడుల నుంచి ఎంతో దూరం లేని ఒక ఉప్పుటేరు ఒడ్డున మాకు నాలుగు ఎకరాల్లో మూడు చెరువులు ఉన్నాయి. ఆ రెండో చెరువు ఎకరం పావు. పిల్ల వేసి 55 రోజులైంది, కిలోకు 120 రొయ్యలు తూగే కౌంట్‌కు వచ్చింది. ఆ రాత్రికి రాత్రే కొనుగోలుదారుకు ఫోను చేశాను. తెల్లవారుజామున మూడున్నరకు ఏటిలో పాటు, అంటే నీరు సముద్రం వైపు వెనక్కి తీయడం, మొదలవుతుందని నాకు తెలుసు. తూము తెరిచి నీటిని ఆ పాటులోనే ఏటిలోకి వదిలేస్తే రొయ్యంతా తూము దగ్గరి వలలోకి తేలిగ్గా వచ్చేస్తుంది, విసురు వలతో పట్టే పనికన్నా సగం సమయం చాలు, తెల్లారేసరికి ఎవరి కంటా పడకుండా లారీ వెళ్లిపోతుంది. అలాగే చేశాను. జబ్బు వచ్చిన చెరువులో వలతోనే పట్టాలనీ, మిగిలిన నీటిని క్లోరిన్‌తో శుద్ధి చేసి, ఆ క్లోరిన్ పోయాకే కాలువలోకి వదలాలనీ తీరప్రాంత చెరువుల సాగును నియంత్రించే కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ, వెనామీ అనే విదేశీ రొయ్య సాగుకు పెట్టిన నియమాల్లో స్పష్టంగా ఉంది. ఆ సంగతి నాకు తెలియక కాదు. చెరువు నమోదు పత్రాలు పెట్టుకున్న బీరువాలోనే ఆ కాగితమూ ఉంది.

ఏటికి దిగువన, మాకు ఆరువందల మీటర్ల దూరంలో, నాకు బావ వరసయ్యే ఒకతని చెరువులు ఉన్నాయి. మర్నాటి పోటుకు ఆయన ఇంజను పెట్టి నీళ్లు తోడుకున్నాడు. ఆరో రోజున ఆయన చెరువులో రొయ్య గట్టు పట్టింది. నా నీటి వల్లనే పట్టిందని రుజువు చేసేవారు ఎవరూ లేరు, కానీ రోజుల లెక్క సరిపోయింది. నేను వెళ్లి జరిగింది చెప్పినప్పుడు ఆయన కేకలు వెయ్యలేదు. "ఏటి బావా, ఒక్క మాట సెప్పుంటే ఇంజను కట్టేద్దును గదా" అని మాత్రం అన్నాడు. ఈ తెగులు గురించి నేను అప్పటికి చదివిందీ, ఆ తరువాత నేర్చుకున్నదీ అంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతోంది. కంచెలు, బ్లీచింగ్, పరీక్షలు అన్నీ కావలసినవే. అయితే ఒకే ఏరు మీద బతికే చెరువుల మధ్య జబ్బును అన్నిటికన్నా వేగంగా మోసుకెళ్లేది మనం దాచిపెట్టిన కబురే.

తెల్లమచ్చ వైరస్ 1992 ప్రాంతంలో తైవాన్, చైనా చెరువుల్లో బయటపడి, 1994 నాటికి మన తూర్పు తీరానికి చేరింది. అప్పట్లో అందరూ టైగర్ రొయ్యే వేసేవారు. వరి పండని చవుడు నేలలను తవ్వి చెరువులు చేసి, రెండు మూడు పంటల్లో మిద్దెలు కట్టినవారిని చూసి మిగతావారు పొలాలు తాకట్టు పెట్టి దిగిన రోజులవి. నేను అప్పుడు హైస్కూల్లో ఉన్నాను. గట్ల మీద గుట్టలుగా పోసిన చచ్చిన రొయ్యల కంపు, దాని మీద ముసిరిన కాకులు నాకు బాగా గుర్తు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల చెరువుల మీద తీర్పు చెప్పింది, 2005లో చెన్నై కేంద్రంగా కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ ఏర్పడింది, 2009లో వెనామీకి అనుమతి వచ్చింది. వెనామీ వచ్చాక తెల్లమచ్చ పీడ వదిలిందని మా వైపు కొందరు సంబరపడ్డారు. అది అపోహ. దిగుమతి చేసే తల్లి రొయ్యలకు పేర్కొన్న కొన్ని జబ్బులు లేవని మాత్రమే హామీ ఉంటుంది. జబ్బు లేకపోవడం వేరు, జబ్బును తట్టుకోవడం వేరు. ఏ మచ్చా లేకుండా పుట్టిన పిల్ల కూడా మన ఏటి నీటిలో పడ్డాక, వైరస్ తగిలితే మూడు నుంచి పది రోజుల్లో చెరువుకు చెరువే పోతుంది.

చేపకు, కోడికి, మనిషికి ఒకసారి వచ్చిన జబ్బును గుర్తుపెట్టుకుని ఎదిరించే యాంటీబాడీలు ఉంటాయి. రొయ్యకు ఆ ఏర్పాటు లేదు. అందుకే టీకా కోసం ఎదురుచూడటంలో అర్థం లేదు. పైగా రొయ్య తోటి రొయ్యను తింటుంది. జబ్బుతో కుంగిన దానిని ఆరోగ్యంగా ఉన్నవి చుట్టుముట్టి తినేయడమే చెరువులోపల వైరస్ పాకే ముఖ్యమైన దారి. నీరు చల్లబడితే వైరస్‌కు బలం, 32 డిగ్రీలు దాటితే దాని జోరు తగ్గుతుంది. అందుకే ఫిబ్రవరిలో వేసి ఎండల్లో తీసే పంటకన్నా, వానలు, తుఫాన్లు దాటాక వేసి పుష్యమాసపు చలిలో పెంచే పంటకు మా జిల్లాలో గండం ఎక్కువ. ఇన్ని తెలిసినా శీతాకాలపు ధర ఆశ పెడుతుంది, మళ్లీ వేస్తాం. ఈ వైరస్ మనుషులకు సోకదు కాబట్టి జబ్బు చెరువు రొయ్యను వండుకుని తింటే హాని లేదు. కానీ దానిని ఒలిచి కడిగిన నీళ్లు ఏటిలో పోస్తే ఆ ఏటి మీది చెరువులకు హాని ఉంది, ఎందుకంటే ఐసులో పెట్టినంత మాత్రాన ఈ వైరస్ చావదు.

ఇక పిల్ల సంగతి. మాకు పిల్ల ఎక్కువగా విజయనగరం జిల్లా భోగాపురం, పూసపాటిరేగ తీరాల్లోని హేచరీల (పిల్లను పుట్టించే కేంద్రాల) నుంచి వస్తుంది. విదేశాల నుంచి తెచ్చిన తల్లి రొయ్యలను చెన్నై నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రంలో ఉంచి, పరీక్షించి, ఆ తరువాతే హేచరీలకు ఇస్తారు. అక్కడి దాకా ఏర్పాటు బాగానే ఉంది. హేచరీకి చేరాక తల్లి రొయ్య గుడ్డు బాగా పెట్టాలని సముద్రపు వానపాముల లాంటి పురుగులను బతికున్నవే మేపుతారు. తీరంలో తవ్వి తెచ్చిన ఆ పురుగుతోనే జబ్బు లోపలికి వచ్చే వీలుంది. అందుకే హేచరీకి వెళ్లినప్పుడు పిల్ల రంగు, పొడవుల కన్నా ముందు తల్లికి ఏం మేపుతున్నారని అడగడం నేర్చుకున్నాను. కొందరు చెబుతారు, కొందరు మాట మారుస్తారు. మాట మార్చిన చోట నేను కొనను.

పీసీఆర్ కాగితం చేతికిస్తే చాలామంది రైతులు దానిని దేవుడి ప్రసాదంలా కళ్లకద్దుకుని జేబులో పెట్టుకుంటారు. ఆ కాగితం చెప్పేది ఎంతో ఒకసారి లెక్క వేయాలి. లక్షలున్న ట్యాంకులోంచి 150 పిల్లలు తీసి పరీక్షించి, ఒక్కదానిలోనూ వైరస్ లేదని తేలితే, ఆ ట్యాంకులో జబ్బు పిల్ల 2 శాతం కన్నా తక్కువ ఉందని నూటికి 95 పాళ్లు నమ్మవచ్చునని మాత్రమే దాని అర్థం. చదరపు మీటరుకు 60కి మించి వేయకూడదన్న నియమం ప్రకారం మా ఎకరం పావు చెరువుకు మూడు లక్షల పిల్ల పడుతుంది. అందులో 2 శాతం అంటే 6,000. అంత జబ్బు పిల్ల దాగి ఉండి కూడా కాగితం శుభ్రంగా రావడానికి అవకాశం చిన్నదే, కానీ ఉంది. 150కి బదులు పది పిల్లలు తీసి పరీక్షించి ఇచ్చిన కాగితమైతే దానికి విలువ దాదాపు లేదు. కాబట్టి ఇప్పుడు నేను పరీక్ష ఫలితంతో పాటు ఎన్ని పిల్లలు తీశారు, ఏ ట్యాంకులోంచి తీశారు అని అడుగుతాను. కుదిరితే నేనే నిలబడి, వలలో తేలిగ్గా దొరికిన చురుకైన వాటిని కాకుండా, ట్యాంకు అడుగున నీరసంగా ఉన్నవాటిని తీయిస్తాను. జబ్బు ఉంటే ముందు కనబడేది వాటిలోనే.

నీటి విషయంలో నాకున్న గట్టి అభిప్రాయం ఏమిటంటే, నిల్వ చెరువు లేనివాడికి ఏటి ఒడ్డున రొయ్య సాగు జూదంతో సమానం. ఏటి నీరు నేరుగా పెంపకం చెరువులోకి రాకూడదు. తోడేటప్పుడు 60 మెష్ సంచి గుండా వడగడతాము. దాని కన్ను పావు మిల్లీమీటరు. అది చిన్న రొయ్యలను, పీత పిల్లలను, చేప గుడ్లను ఆపుతుంది, వైరస్‌ను మాత్రం ఆపలేదు, ఎందుకంటే ఆ వైరస్ పొడవు మిల్లీమీటరులో వెయ్యో వంతుకు సగం కూడా ఉండదు. దానిని చంపేది బ్లీచింగే. ఎకరం విస్తీర్ణంలో మీటరు లోతు నీరంటే సుమారు నలభై లక్షల లీటర్లు. 60 పీపీఎం, అంటే లీటరుకు 60 మిల్లీగ్రాముల లెక్కన వేస్తే 240 కిలోల పైచిలుకు పొడి, అంటే 25 కిలోల బస్తాలు పది కావాలి. ఈ లెక్క చెప్పగానే చాలామంది నాలుగు బస్తాలతో సరిపెడతారు. నాలుగు బస్తాలు చల్లడం వల్ల నీటికి వాసన వస్తుంది, మనసుకు తృప్తి కలుగుతుంది, అంతే.

పది బస్తాలు వేసినా పని జరగకపోవడానికి కారణాలు ఉన్నాయి. మూతి విప్పి నెలరోజులు పడేసిన బస్తాలో క్లోరిన్ ఎగిరిపోతుంది. పట్టపగలు వేస్తే ఎండకు విరిగిపోతుంది, అందుకే పొద్దుగూకాక వేయాలి. నీటిలో బురద, కుళ్లిన నాచు ఎక్కువగా ఉంటే మందు వాటి మీదనే ఖర్చయిపోతుంది. సున్నం ముందు వేసి బ్లీచింగ్ తరువాత వేస్తే, పీహెచ్ పెరిగి క్లోరిన్ పదును తగ్గుతుంది. నేను మొదట్లో కొన్నేళ్లపాటు ఈ చివరి తప్పే చేశాను, మా నాన్న కూడా చేశాడు, ఎవరూ చెప్పలేదు. వేశాక ఏరేటర్లు (నీటికి గాలి పట్టించే చక్రాలు) తిప్పి నీటిని బాగా కలిపి, కనీసం వారం రోజులు ఆ నీటిని కదపకుండా ఉంచాలి. రొయ్య గానీ పీత గానీ లేని చెరువు నీటిలో ఈ వైరస్ సాధారణంగా నాలుగైదు రోజులకు మించి బతకదంటారు. అయితే ప్రయోగశాలలో 30 డిగ్రీల సముద్రపు నీటిలో నెలరోజులు కూడా బతికిందని తేలింది కాబట్టి, రోజుల లెక్క ఒక్కదాన్నే నమ్ముకోకుండా బ్లీచింగూ వేయాలి, రోజులూ ఆగాలి. 2019 తరువాత మా మూడో చెరువులో పెంపకం మానేసి దానిని నిల్వకు వదిలేశాను. నాలుగు ఎకరాల్లో ఎకరం పైన ఊరికే నీళ్లు పెట్టుకున్నానని ఇంట్లో ఇప్పటికీ ఒప్పుకోరు.

వైరస్‌ను మోసే జీవుల్లో పీతది మొదటి స్థానం. ఏటి పీతకు వైరస్ పట్టినా అది చాలాసార్లు చావదు, నెలల తరబడి మోసుకు తిరుగుతుంది. రాత్రిపూట గట్టెక్కి ఒక చెరువులోంచి ఇంకో చెరువులోకి దిగుతుంది. నడుము దాకా ఎత్తున్న కంచె అక్కర్లేదు, అడుగున్నర ఎత్తు నున్నటి ప్లాస్టిక్ పట్టా చాలు, కానీ దాని అడుగు అంచు మట్టిలో జానెడు లోతున పూడ్చి ఉండాలి. పూడ్చని చోట పీత బొరియ తవ్వుకుని వస్తుంది. ఒకసారి కంచెకు ఆనించి పెట్టిన ఏరేటరు కేబులు మీదుగా, తాడు మీద దొమ్మరివాడిలా, ఒక మడపీత నడిచి చెరువులో దిగడం కళ్లారా చూశాను. అప్పటినుంచి కంచెను తాకే కర్ర గానీ తాడు గానీ లేకుండా చూసుకుంటున్నాను.

పిట్టలదీ ఇంచుమించు అదే కథ, కాకపోతే వాటి పాపం మనం అనుకున్నంత పెద్దది కాదు. మాకు దగ్గరలోని తేలినీలాపురానికి ఏటా వలస వచ్చే గూడబాతులు, కొంగలు నౌపడ చిత్తడి నేలల్లో మేస్తాయి, ఆ రోజుల్లో జబ్బు వస్తే నింద వాటి మీదకు పోతుంది. వైరస్ పక్షి ఒంట్లో పెరగదు. చిక్కంతా, చావబోయే రొయ్యను ముక్కున కరుచుకుని పక్క చెరువు మీదుగా ఎగురుతూ జారవిడిచే కాకితోనూ, తెల్లకొంగతోనూ వస్తుంది. అందుకు చెరువు మీద అడుగున్నర ఎడంతో తాళ్లు కడితే చాలు. పిట్టను కొట్టాలనే కుర్రాళ్లకు నేను చెప్పేది ఒకటే: చెరువు మీద కాకులు ఒక్కసారిగా ముసిరాయంటే, మన చెక్ ట్రే కన్నా ముందే అవి మనకు వార్త చెబుతున్నాయన్నమాట.

ఇవన్నీ కాగితం మీద రాసుకున్నంత సులభంగా నిలిచేవి కావని తిత్లీ నేర్పింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన ఆ తుఫాను ఉద్దానం కొబ్బరి తోటలను నేలమట్టం చేసినట్టే మా పీతల కంచెలనూ, పిట్టల తాళ్లనూ తుడిచిపెట్టేసింది. గట్లు తెగి ఏటి నీరు, చెరువుల నీరు ఒక్కటయ్యాయి. రోజుల తరబడి కరెంటు లేదు, డీజిలు దొరకలేదు. నీరు తీశాక గట్లు కట్టించాను గానీ, కంచె మళ్లీ వేయడానికి డబ్బు చాలక, చెరువును సరిగా ఎండబెట్టడానికి సమయమూ చాలక, నవంబరులోనే పిల్ల వేశాను. జనవరి రాత్రి తలపెంకు మీద నేను చూసిన చుక్కలకు మూలం ఆ తొందరలోనే ఉంది.

చెరువు ఎండబెట్టడం గురించి పెద్దవాళ్లు చెప్పే "నేల నెర్రెలివ్వాలి" అన్న మాటకు లెక్క కూడా దొరికింది. ప్రయోగంలో, ఎండబెట్టిన చెరువు మట్టిలో వైరస్ 19 రోజుల దాకా, నీరు తీయని చెరువు బురదలో 35 రోజుల దాకా రొయ్యకు సోకే శక్తితో ఉన్నట్టు తేలింది. నేను 2018లో ఎండబెట్టింది పన్నెండు రోజులు. ఇంకో సంగతి, ఈమధ్య మా వైపు రొయ్య ఎదగక కౌంట్ నిలిచిపోయి, నీటి మీద తెల్లని దారాల్లాంటి రెట్ట తేలితే దానినీ వైరస్ అంటున్నారు. ఆ జబ్బు పేరు ఈహెచ్‌పీ. అది వైరస్ కాదు, రొయ్య కాలేయంలో చేరే సూక్ష్మ పరాన్నజీవి. దాని బీజాలు మామూలు ఎండకు, కొద్దిపాటి సున్నానికి లొంగవు. ఎండిన నేల మీద హెక్టారుకు ఆరు టన్నుల లెక్కన కాల్చిన సున్నం వేసి, దున్ని, తడిపి, పీహెచ్ 12కు తీసుకుపోతే గానీ చావవు. చెరువు చంపేది తెల్లమచ్చ అయితే, చంపకుండా మేత తినిపించి అప్పులపాలు చేసేది ఇది. రెండింటిలో ఏది నయమో మా ఏటి మీద ఇంకా వాదన సాగుతూనే ఉంది.

మందుల దుకాణాల గురించి ఎక్కువ రాయను. వైరస్‌కు మందు లేదు. లేదని తెలిసినా రైతు చేతిలో ఏదో ఒక డబ్బా పెట్టకపోతే దుకాణం నడవదు, ఏదో ఒకటి వేయకపోతే రైతుకు నిద్ర పట్టదు. యాంటీబయాటిక్ బాక్టీరియా మీద పనిచేస్తుందే గానీ వైరస్ మీద పనిచేయదు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటి నిషిద్ధ మందుల ఆనవాలు దొరికితే విదేశాల నుంచి సరుకు వెనక్కి వస్తుంది, ఆ దెబ్బ మందు వాడని వాడి ధర మీద కూడా పడుతుంది. ఆ జనవరిలో నా చెరువు పోయాక లెక్క చూసుకుంటే, ఆ పంటలో సీసాలకూ డబ్బాలకూ పెట్టిన డబ్బుతో పీతల కంచె రెండుసార్లు వేయించి ఉండవచ్చు.

చేపల చెరువులవారు ఇదంతా రొయ్యల గోలేనని అనుకోవద్దు. తిలాపియాకు 2014లో ఇజ్రాయెల్‌లో గుర్తించిన లేక్ వైరస్ మన దేశంలోనూ కనబడింది. పండుగప్ప పిల్లలు నీటిలో బొంగరంలా గిరగిర తిరిగి చచ్చిపోయే నరాల జబ్బు కూడా వైరస్సే. వాటి సాగు మా వైపు తక్కువ కాబట్టి నాకు చేతి అనుభవం లేదు.

మళ్లీ దాచిపెట్టిన కబురు దగ్గరకు వస్తాను. మా ఊళ్లో ఎవరి ఎద్దుకైనా గాలికుంటు వస్తే, పొద్దున్నే ఆ ఇంటివాళ్లే పదిమందికీ చెప్పి, పశువును మందలోకి తోలకుండా కట్టేస్తారు. అందులో సిగ్గు లేదు. రొయ్యకు జబ్బు వస్తే మాత్రం కన్నబిడ్డ లేచిపోయినంత గుట్టుగా ఉంచుతాం. కారణాలు లేకపోలేదు. మేత, పిల్ల, మందులు అన్నీ అప్పు మీదే వస్తాయి, జబ్బు మాట డీలరు చెవిన పడితే మర్నాటి మేత బస్తా రాదు, పాత బాకీ కోసం మనిషి వస్తాడు. కొనుగోలుదారుకు తెలిస్తే కిలోకు ఎంత తగ్గించాలో ఆయన ముందే నిర్ణయించుకుంటాడు. కౌలు చెరువైతే వచ్చే ఏడాది కౌలు ఇంకొకరికి పోతుంది. ఇన్ని నష్టాలు ఎదురుగా ఉన్నప్పుడు, తూము తెరిస్తే పాటు తీసుకుపోతుందనే ఆలోచన అర్ధరాత్రి ఎవరికైనా వస్తుంది. నాకు వచ్చింది కాబట్టే చెబుతున్నాను. చట్టం ఉంది, నియమాలు ఉన్నాయి, కానీ తెల్లవారుజామున మూడున్నరకు తూము దగ్గర కాపలా కాసే అధికారి ఏ దేశంలోనూ ఉండడు. నిజం చెప్పినవాడికి నష్టం, దాచినవాడికి లాభం అన్న లెక్క ఉన్నంతకాలం ఎంత గట్టి కంచె వేసినా ఏటి నీరు జబ్బుగానే ఉంటుంది.

ఆ ఏడు ఉగాది దాటాక బావ, నేను కలిసి పిలవగా, ఏటి మీద చెరువులున్నవాళ్లం మాతో కలిపి తొమ్మిది మందిమి మా పాకలో కూర్చున్నాము. నేను చేసింది నేనే చెప్పాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు, తరువాత ఇంకో ఇద్దరు తామూ అంతకుముందు అదే పని చేశామని ఒప్పుకున్నారు. ఆ రోజు ఒక కట్టుబాటు పెట్టుకున్నాము. చెరువులో రొయ్య గట్టు పడితే, పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగకుండా, ఫోనులో మా బృందానికి "తూము మూశాను" అని రెండు మాటలు పెట్టాలి. జబ్బు పేరు రాయనక్కర్లేదు, ఆ కబురు డీలరుకు గానీ కొనుగోలుదారుకు గానీ ఎవరూ చేరవేయకూడదు. అది చూసిన వెంటనే మిగతావారు ఏటి నుంచి నీరు తోడటం ఆపాలి, ఆ చెరువుకు వెళ్లిన వలను, కూలీల బృందాన్ని బ్లీచింగ్ నీటిలో కడగకుండా తమ చెరువుకు పిలవకూడదు. నీటిని ఆపి ఉంచడం వల్ల నష్టపోయేది ఒక్కడు, లాభపడేది ఎనిమిది మంది కాబట్టి, ఆ నీటిని శుద్ధి చేసే బ్లీచింగ్‌ను ఎనిమిది మందీ తలా ఒక బస్తా చొప్పున తెచ్చి ఇవ్వాలి. ఈ చివరి మాట బావ పెట్టింది. కట్టుబాటు నిలిచింది దాని వల్లనేనని నా నమ్మకం.

ఇప్పటికి ఆ రెండు మాటలు నాలుగుసార్లు వచ్చాయి. రెండుసార్లు జబ్బు ఒక్క చెరువుతో ఆగింది. ఒకసారి ఆగలేదు, మూడు చెరువులు పోయాయి. ఇంకోసారి పరీక్షలో అది వైరస్ కాదని తేలింది, ఉత్తపుణ్యానికి ఎనిమిది బస్తాలు ఖర్చయ్యాయని ఒకతను నెలరోజులు సణిగాడు. ఏటికి అవతలి ఒడ్డున ఇద్దరు ఇంకా చేరలేదు.

నాలుగోసారి పంపింది నేనే, పోయిన డిసెంబరులో. రాత్రి పన్నెండు గంటల వేళ మెసేజ్ పెట్టి, పొద్దున్నే కూలీలతో విసురు వలలు వేయించి దొరికినంత పట్టించాను. చచ్చినవాటిని గట్టుకు దూరంగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్పించాను. తొమ్మిది గంటలకల్లా తూము దగ్గర ఎనిమిది బస్తాలు ఉన్నాయి, బావ తన బండి మీద ఇంకో రెండు వేసుకొచ్చాడు. ఆ సాయంత్రం బ్లీచింగ్ వేసి, తొమ్మిది రోజులు నీటిని కదపలేదు. పదో రోజు పాటు పగలు పదకొండుకు పడింది. బావ పరీక్ష గొట్టంలో చెరువు నీరు పట్టి, క్లోరిన్ మిగిలిందో లేదో తేల్చే చుక్కల మందు వేసి, ఎండకు ఎదురుగా ఎత్తి చూశాడు. పసుపు రంగు రాలేదు. తూము పలకలు ఒక్కొక్కటే ఇద్దరం కలిసి ఎత్తాము.